రణరంగమునకేగిన అశ్వములు

మన రైతునకు ఎద్దులెట్టివో, పూర్వము ఆంగ్లదేశపు రైతునకు గుఱ్ఱములట్టివి. పొలము దున్నుటకును, బండి లాగుటకును అవియే ఆధారము. రైతుబిడ్డ వేకువనే లేచి, లాయము శుభ్రపఱచి, దాణా పెట్టి, మాలీసు చేసెడివాడు. వాని కంఠధ్వని వినినంతనే గుఱ్ఱము చెవులు నిక్కించి సకిలించెడిది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. అప్పుడు బ్రిటిషు సైన్యమునకు గల గుఱ్ఱములు సుమారు 25,000 మాత్రమే. ఫిరంగులను లాగుటకును, ఆహారమును మందుగుండును మోయుటకును అవి చాలకపోయెను. కావున అధికారులు గ్రామగ్రామమునకు పోయి, వెలయిచ్చి, దృఢమైన గుఱ్ఱములను తీసికొనిరి. కొలది వారములలోనే లక్షకు పైగా సమకూడెను. నిరాకరించు హక్కు యజమానునకు లేదు. వెల తండ్రి చేతికి వచ్చెను. శూన్యమైన లాయము కుమారునికి మిగిలెను.

లాంకషైరులోని యొక కుటుంబపు పిల్లలు తమ పొట్టిగుఱ్ఱమును విడిచిపెట్టుడని యుద్ధమంత్రియగు కిచెనరు ప్రభువునకు లేఖ వ్రాసిరి. నిర్ణీతమైన యెత్తునకు తక్కువగు గుఱ్ఱములను తీసికొనరని ప్రత్యుత్తరము వచ్చెను. కాని దుక్కిగుఱ్ఱములు పొడవైనవి. వానికా రక్షణ లభింపలేదు.

ఫ్రాన్సు దేశపు యుద్ధభూములలో గుండ్ల దెబ్బకంటె బురద, చలి, వ్యాధి, అలసట అనువానిచేతనే యెక్కువ గుఱ్ఱములు మరణించెను. 1918లో యుద్ధము ముగిసిన పిమ్మట కొన్ని స్వదేశమునకు చేరెను. పెక్కింటిని అచ్చటనే విక్రయించిరి. కొన్ని కసాయివాని పాలయ్యెను. యుద్ధములలో సేవచేసిన జంతువుల స్మారకము 2004లో లండనునందు నెలకొల్పబడినది.

బాలబాలికలారా! సైనికుడు తానెందులకు పోరాడుచున్నాడో యెఱుగును. గుఱ్ఱమో, కళ్లెము పట్టిన చేతిని నమ్మి నడచును. ఆ నమ్మకమునకు మనము ఋణపడియున్నామని మఱువరాదు.