ఫ్యాను చప్పుడు వినపడదు – పక్కవారి గుసగుస వినపడుతుంది! ఎందుకు?

స్టడీ అవర్‌లో పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. పుస్తకం తెరిచిన కాసేపటికి ఆ చప్పుడు మన ధ్యాసలోనే ఉండదు. కానీ అది ఆగిపోయిన మరుక్షణం అందరం తలెత్తి చూస్తాం! దీనికి కారణం ఏమిటో తెలుసుకుందాం.

శబ్దం అంటే కంపనాలని మనం చదువుకున్నాం. ఆ కంపనాలు కర్ణభేరిని తాకి, మూడు చిన్న ఎముకల ద్వారా నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కర్ణావర్తానికి చేరతాయి. అక్కడ అవి విద్యుత్ సంకేతాలుగా మారి, శ్రవణ నాడి ద్వారా మెదడుకు వెళతాయి. చివరకు రెండు చెవులకూ కాస్త పైన, మెదడులో ఉండే శ్రవణ వల్కలానికి చేరతాయి. దీన్నే ఆడిటరీ కార్టెక్స్ అంటారు.

ఇక్కడి నాడీకణాల్లో చాలావాటికి ఒక గుణం ఉంది. కొత్త శబ్దం మొదలవగానే గట్టిగా స్పందిస్తాయి. అదే శబ్దం మార్పు లేకుండా సాగితే వాటి స్పందన తగ్గుతుంది. శబ్దం మారినా, ఆగినా మళ్లీ స్పందిస్తాయి. మాటలు అర్థం కావాలంటే ఈ గుణం చాలా అవసరం. 'పలు', 'పాలు' అనే మాటలకు తేడా అచ్చును ఎంతసేపు పలికామన్నదే కదా!

ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్తో నాటనెన్, ఆయన సహచరులు 1978లో ఒక విశేషాన్ని ప్రకటించారు. ఒకే శబ్దం పదే పదే వినిపిస్తూ, మధ్యలో అరుదుగా వేరే శబ్దం వినిపిస్తే, మనిషి ధ్యాస అటు లేకపోయినా మెదడు ఆ మార్పును పసిగడుతుంది. తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లలో ఆ స్పందన సెకనులో నాలుగో వంతు లోపే కనిపిస్తుంది. దీనికి 'మిస్‌మ్యాచ్ నెగటివిటీ' అని పేరు.

మరి మన చదువుకూ దీనికీ సంబంధం ఏమిటి? మాటల్లో శబ్దం క్షణక్షణం మారుతూనే ఉంటుంది. వరుసగా అంకెలు గుర్తుపెట్టుకునేవారికి పక్కన మాటలు వినిపిస్తే తప్పులు పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. ఆ మాటలు తెలియని భాషలో ఉన్నా అంతే! ఒకే శబ్దం మారకుండా వినిపిస్తే అంత నష్టం ఉండదు.

కాబట్టి సీనియర్ మిత్రులారా! ఏకాగ్రత లేదని తమ్ముళ్లను, చెల్లెళ్లను కోప్పడే ముందు పక్కన ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. వాళ్ల మెదడు తన పని తాను చేస్తోంది, అంతే. పైకి చదివే అలవాటున్నవారు వరండాలోకో, చెట్టు కిందికో వెళ్లండి. గదిలో ఉన్నవారు మౌనంగా చదవండి. పైసా ఖర్చు లేకుండా తోటివారికి మనం చేయగల సాయం ఇది. పబ్లిక్ పరీక్షల ముందు ఇంతకంటే పెద్ద సాయం ఏముంటుంది?