దీపావళికి కొన్న కారు, మే నెల ఎండ

చంద్రపూర్‌లో పాత కార్లు ఎక్కువగా చేతులు మారేది దసరాకూ దీపావళికీ మధ్య. బొగ్గు గనుల్లో ఏటా ఇచ్చే బోనస్ దసరా ముందే ఖాతాలో పడుతుంది. దానికి కొంత దాచుకున్న డబ్బు, కొంత లోను కలిపి జనం నాగపూర్ వెళ్లి కారు తెచ్చుకుంటారు. డీలర్ ఆరు నెలల వారంటీ రాసిస్తాడు. అక్టోబరు నుంచి ఆరు నెలలు లెక్కపెడితే ఏప్రిల్ వస్తుంది. అసలు ఎండలు మొదలయ్యేది ఆ తర్వాతే. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు మామూలు. వారంటీ అయిపోగానే బండి పాడైందని, తమ రాత బాగాలేదని బాధపడే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఈ క్యాలెండర్ సంగతే.

మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడి గనుల్లోకి పనికి వచ్చాడు. నేను ఘుగ్గుస్ రోడ్డు వైపు గ్యారేజీ నడుపుతున్నాను. రాజురా, బల్లార్షా, గడ్‌చాందూర్ నుంచే కాక అటు ఆసిఫాబాద్ నుంచి కూడా మనవాళ్లు బండ్లు తెస్తారు. ఇన్నేళ్లుగా చూసి చెప్తున్నాను: వారంటీ ముగిశాక వచ్చే పెద్ద ఖర్చుల్లో చాలా వరకు కొన్న రోజునే బండిలో ఉంటాయి. చలికాలం వాటిని కప్పి ఉంచుతుంది, అంతే.

రాజురాలో ఒక స్కూలు మాస్టారు ఉన్నారు. దీపావళికి నాగపూర్‌లో ఎనిమిదేళ్ల డీజిల్ కారు కొన్నారు. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ ఆఖరుకు వారంటీ ముగిసింది. మే నెలలో కుటుంబంతో ఆసిఫాబాద్‌లో పెళ్లికి బయల్దేరారు. లక్కడ్‌కోట్ దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పిల్లలతో ఎండలో ఆగలేక నీడ దొరికేదాకా నడిపారు. అంతలో హెడ్ వంగిపోయింది. నా దగ్గర విప్పి చూస్తే రేడియేటర్లో కూలెంట్ లేదు, తుప్పు రంగు మామూలు నీళ్లున్నాయి. థర్మోస్టాట్ ఎవరో ముందే తీసేశారు. హెడ్ ఫేసింగ్, గ్యాస్కెట్, వాటర్ పంపు, రేడియేటర్, లేబరు అన్నీ కలిపి 38 వేలు దాటింది. డీలర్‌కు ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయింది సార్" అన్నాడు.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్లు రేడియేటర్ వైపు పోకుండా ఆపే చిన్న వాల్వు. సుమారు 85 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. రేడియేటర్ సగం పూడిపోయి బండి వేడెక్కుతుంటే, దాన్ని బాగుచేయకుండా ఈ వాల్వు పీకేయడం పాత పద్ధతి. అప్పుడు నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, చలికాలంలో ముల్లు కిందే ఉంటుంది. కొనేవాడికి బండి చల్లగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. ఇక కూలెంట్ విషయం. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపి, మూత ఒత్తిడి సరిగా ఉంటే 120 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. ఉత్త నీళ్లు అంత తట్టుకోవు, పైగా లోపల తుప్పు పెంచుతాయి. మే నెలలో ఏసీ కూడా వేస్తే రేడియేటర్ ముందున్న కండెన్సర్ వేడి తోడవుతుంది. డిసెంబరులో ఏసీ వేసి చూసేవాళ్లే తక్కువ కనుక కంప్రెసర్ బలహీనత కూడా వేసవిలోనే బయటపడుతుంది.

ఎండ తర్వాత మన ఊరి రెండో పరీక్ష దుమ్ము. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగడితే చంద్రపూర్ 83.88 మార్కులతో కాలుష్యంలో నాలుగో స్థానంలో నిలిచింది. బొగ్గు లారీల వెనక, సిమెంటు ఫ్యాక్టరీల పక్కన రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరే ప్రాణం. నాసిరకం ఫిల్టరు వేసినా, పైపు క్లిప్పు వదులైనా సన్నని దుమ్ము టర్బో రెక్కలను అరగదీస్తుంది, బోరును గీస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది, పొగ నీలంగా వస్తుంది. చిక్కటి ఆయిల్ పోసి అమ్మితే ఆ పొగ కొన్నాళ్లు కనపడదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద వేగంగా, ఆగకుండా నడవాలి. ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడిపోతుంది. రోజూ తక్కువ దూరం తిరిగేవాళ్లకు నేను పెట్రోలు బండే చెప్తాను. డీజిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కొత్తది 12 వేల పైమాటే, టర్బో మార్చాలంటే పాతిక వేల నుంచి మొదలవుతుంది. మూడు లక్షలకు కొన్న బండికి ఒక్క ఏడాదిలో లక్ష ఖర్చయిన ఇళ్లను చూశాను. ఆ లక్ష పిల్లల ఫీజుల నుంచే వస్తుంది.

వారంటీ కాగితం చివరిదాకా చదవండి. ఇంజిన్, గేర్‌బాక్స్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. క్లచ్ ప్లేటు, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, షాకర్లు, బుష్షులు, రబ్బరు పైపులు లెక్కలోకి రావని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. వేడెక్కిన బండిని ఆపకుండా నడిపితే ఆ నష్టం కూడా చాలా కాగితాల్లో రాదు. రిపేరు వాళ్ల వర్క్‌షాపులోనే చేయించాలని ఉంటే, బండిని 150 కిలోమీటర్లు నాగపూర్ దాకా లాగించే ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం వారంటీ ఆఖరి నెల. ఆ నెలలో డీలర్‌తో సంబంధం లేని మెకానిక్ దగ్గర బండిని ఒక పూట వదలండి. కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్టు చేయించండి. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే రసాయనం నీలం నుంచి పసుపుకు మారితే హెడ్ గ్యాస్కెట్ దగ్గర గ్యాస్ లీకవుతున్నట్టు. ఎండ వేళ ఏసీ పూర్తిగా పెట్టి, బండిని నిలబెట్టి, ఇంజిన్ అరగంట నడపండి. ఫ్యాన్ తిరగడం, ముల్లు నిలకడ చూడండి. స్కానర్ పెట్టించండి. కొన్ని బండ్లలో కిలోమీటర్ల లెక్క మీటర్లోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా ఉంటుంది. మీటర్ తిప్పినవాడు అన్నిచోట్లా తిప్పలేకపోవచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు చెప్పి పాత సర్వీసు రికార్డు అడగండి. బయటపడిన లోపాలన్నీ తేదీతో డీలర్‌కు రాసి పంపండి, వాట్సాప్‌తో పాటు ఈమెయిల్ కూడా చేయండి. వారంటీలో ఉండగా రాసిన ఫిర్యాదు చేతిలో ఉంటే రిపేరు తర్వాత జరిగినా మీ మాటకు బలం ఉంటుంది. ఫోన్లో చెప్పిన మాటకు ఆ బలం లేదు.

డీలర్ పట్టించుకోకపోతే చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కారు నాగపూర్‌లో కొన్నా కేసు చంద్రపూర్ జిల్లా కమిషన్‌లో నడుస్తుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్ల గడువు ఉంది, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నియమం కూడా వచ్చింది. కొనే ముందే ఆ పత్రం చూపించమని అడగండి.

కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్న బండ్ల వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. బయట గ్యారేజీలో చేయి పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుందని భయపెడతారు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, బయట చేయించినందుకు వారంటీని గంపగుత్తగా రద్దు చేయకూడదని చెప్పింది. స్పేర్ పార్టులు, సమాచారం బయటి గ్యారేజీలకూ అందాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లినా, ఆ ఆదేశం వెనక ఉన్న న్యాయం మా లాంటి చిన్న గ్యారేజీలకూ, మీ జేబుకూ మేలు చేసేదే.

పార్టుల దగ్గర కూడా డబ్బు ఆదా చేయవచ్చు. కారు కంపెనీకి పార్టు తయారుచేసి ఇచ్చే సంస్థే అదే పార్టును తన పేరుతో కూడా అమ్ముతుంది. చాలాసార్లు అది కంపెనీ డబ్బాలో ఉన్నదానికన్నా తక్కువకే దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. బిల్లులో ఆ రేటు చూసుకోండి. పాత పార్టు వెనక్కి అడిగి తీసుకోండి, అది మీ హక్కు.

ఇక నా మాట డీలర్లతో. చంద్రపూర్, గడ్చిరోలి, యవత్‌మాళ్ జిల్లాల్లో తిరిగే బండికి వారంటీ ఆరు నెలలని కాక జూన్ ఆఖరు దాకా అని రాసివ్వండి. బండి మీద నిజంగా నమ్మకం ఉన్నవాడికి ఇందులో నష్టం లేదు. కొనేవాళ్లు కూడా ధరలో నాలుగు వేలు తగ్గించమని బేరమాడే బదులు ఆ రెండు నెలలు అడగండి. అడగ్గానే ఒప్పుకునే డీలర్ దగ్గర కొనండి. ఒప్పుకోకపోతే ఆ బండి మే నెల తట్టుకుంటుందని అతనికే నమ్మకం లేదనుకుని పక్క షోరూముకు నడవండి.