జీలుగు చెట్టు కింద

జర్మన్ బీరుశాల అనగానే మన కళ్ళ ముందు కదిలేది మ్యూనిక్ నగరం. పొడవాటి బల్లలు, లీటరు మగ్గులు, బ్యాండు మేళం! అక్కడి హోఫ్‌బ్రాయ్‌హౌస్‌ను 1589లో బవేరియా ప్రభువు ఐదవ విల్హెల్మ్ తన కొలువుకు కావలసిన బీరు కాచడానికి నెలకొల్పాడు. ఇవాళ అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చుంటారు. బీరుశాలకు ప్రాణం ఆ బల్లే. అలాంటి బల్ల మన అరకు కొండల్లోనూ ఉంది. దానికి గోడలూ పైకప్పూ లేవు, జీలుగు చెట్టు నీడ ఉంది. అంతే తేడా.

చలికాలం నుంచి వేసవి దాకా జీలుగు కల్లు కాలం. తెల్లవారగానే కుండలు దిగుతాయి. ఆనపకాయ బుర్రతో అడ్డాకు దొన్నెల్లోకి పోస్తారు. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ చేరతారు. దారిన పోయేవాణ్ణి కూడా పిలుస్తారు. నేను వెళ్ళిన గూడెంలో, విశాఖకు ఒక సీసా పట్టుకెళ్దామని మా మిత్రుడు అడిగితే, కల్లు పోస్తున్న ముసలాయన నవ్వాడు.

"చెట్టు కాడికి మీరే రావాల బాబూ. అది మీ కాడికొస్తే పులిసిపోద్ది."

ఆ ఒక్క మాటలో శాస్త్రమంతా ఉంది. గెల నుంచి కారే నీరా తియ్యగా ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు ఆ చక్కెరను కొన్ని గంటల్లోనే ఆల్కహాలుగా మార్చేస్తుంది. మర్నాటికి బాక్టీరియా చేరి పులుపెక్కుతుంది. బీరు కథ వేరు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి, ఆ రసాన్ని హాప్ పూలతో మరిగించి, తర్వాత పులియబెడతారు. హాప్ పూలు చేదుతో పాటు నిల్వగుణం కూడా ఇస్తాయి. అందుకే బీరు పీపాలకెక్కి ఊళ్ళు తిరిగింది, వ్యాపారమైంది. జీలుగు కల్లు మాత్రం చెట్టునే అంటిపెట్టుకుంది. నిల్వ ఉండదు కాబట్టి పంచుకోక తప్పదు!

ఇక తిండి సంగతి. బవేరియా వాడికి సాసేజీలెలాగో ఇక్కడ బొంగులో కోడి అలాగ. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె అక్కర్లేదు. బొంగులోని తడితోనే మాంసం మగ్గుతుంది. ఆటకు థింసా ఉండనే ఉంది. బవేరియన్లు బల్లల దగ్గర చేతులు పెనవేసుకుని ఊగుతారు. ఇక్కడి స్త్రీలు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, డప్పుకూ మోరికీ అడుగు వేస్తారు.

ఈ బల్ల జోలికి వస్తే జనం ఊరుకోరని చరిత్ర చెబుతోంది. 1844 మేలో రాజు మొదటి లుడ్విగ్ బీరు మీద పన్ను వేసేసరికి మ్యూనిక్ ప్రజలు బీరుశాలల మీద పడ్డారు. చివరికి రాజే ధర పదోవంతు తగ్గించాడు. మన తూర్పు కనుమల్లో, అరకుకు దక్షిణాన ఉన్న రంపలో జరిగింది ఇంకా పెద్దది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని అబ్కారీ నిబంధనలు కాదన్నాయి. కల్లు హక్కు పాటదారుల చేతికి పోయింది. మునసబుదారు చిగురుపన్ను పెంచాడు. పోలీసుల దోపిడీ, వర్తకుల అప్పులు దానికి తోడయ్యాయి. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. ఏప్రిల్లో విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, జులైలో భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. అణచడానికి పోలీసులు చాలక మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు దిగాయి. కొండవాడికి కల్లు కేవలం మత్తు కాదనీ, తన చెట్టు మీద తన హక్కు అనీ దొరలకు అప్పటికి గాని అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ హక్కుకు కొత్త చిక్కు వచ్చింది. జీలుగు చెట్టు జీవితంలో ఒక్కసారే పూతకు వస్తుంది. మొదటి గెల తల దగ్గర వేసి, ఏటేటా కిందికి దిగుతూ, అడుగు గెల అయ్యాక చచ్చిపోతుంది. పక్క నుంచి పిలకలు రావు, గింజే దిక్కు. గీసిన గెలకు కాయ పట్టదు. గూడెం తాగేంత వరకే గీస్తే కొన్ని గెలలు మిగులుతాయి. అరకు చూడవచ్చే మనందరికీ సీసాలు కావాలంటే, చెట్టుకు ఒక్క గెల కూడా మిగలదు.

కాబట్టి మిత్రులారా, ఎక్స్‌కర్షన్‌కు అరకు వెళ్తే, పిలిస్తే కూర్చోండి, పోస్తే పుచ్చుకోండి, వద్దనుకుంటే బొంగులో కోడి తినండి. సీసా మాత్రం అడక్కండి. మన బోటనీ వాళ్ళు ఫీల్డు ట్రిప్పుకు పోయినప్పుడు పండిన జీలుగు గింజలు నాలుగు ఏరి, గూడెం పెద్దల్ని అడిగి నాటి రండి. పండు రసం చేతికి అంటితే దురద పెడుతుంది, గుడ్డతో పట్టుకోండి. మీరు నాటిన చెట్టు కల్లుకు రావడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. అప్పటికి మీరు ఎక్కడ ఉద్యోగాల్లో ఉన్నా, ఆ నీడన ఎవరో ఒకరు దొన్నె పట్టుకుని కూర్చుంటారు.