అమ్ముడుపోని ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కష్టము నేటి గృహస్థులకు బాగుగ తెలియును. కుమారుడు దూరదేశమున స్థిరపడును. ముసలి దంపతులకు అంత యిల్లు ఊడ్చుకొనుటయే భారమగును. లేదా వైద్యమునకో, చదువునకో ధనము కావలసివచ్చును. ఇల్లు అమ్మజూపుదురు. చూడవచ్చినవారు గదులన్నియు తిరిగి, కాఫీ త్రాగి, “ఇంటిలో మాటాడి చెప్పెదము” అని వెడలిపోవుదురు; మరల రారు. అట్టివారికి ఉపకరించు నాలుగు మాటలు ఈ పూట మనవి చేసెదను.

నా మిత్రుడొకడు తండ్రి కట్టించిన యింటిని రెండేండ్లపాటు అమ్మజూచెను. మూడుమారులు వెల్ల వేయించెను. సింహద్వారమునకు రంగు మార్చెను. ముగ్గురు బేరమాడి, తీరా బయానా యిచ్చు దినమున మానుకొనిరి. నాలుగవవాని వకీలు కాగితములు చూచి, “మీ చెల్లెలి సంతకమేది?” అని యడిగెను. ముందటి ముగ్గురును వెనుదీసిన కారణమదియే, మొగమాటమున చెప్పరైరి. తల్లి ముందే గతించినది. తండ్రి వీలునామా వ్రాయక మరణించెను. అట్టివాని స్వార్జితమునందు 1956 నాటి హిందూ వారసత్వ చట్టముచే కుమార్తెకును కుమారునితో సమానభాగము కలదు. పెండ్లినాడు కట్నమిచ్చితిమి గదా యని మిత్రుడు ఆమెకు మాటమాత్రము చెప్పియుండలేదు. తుదకు వెళ్లి అడుగగా ఆమె, “భాగము మాట తరువాత. నాన్న కట్టిన యిల్లు అమ్ముచున్నావని పొరుగువారు చెప్పగా విన్నానన్నయ్యా” అని కంట నీరు పెట్టుకొనెను. పిమ్మట తన భాగము తీసికొని సంతకము చేసెను. ఇల్లు నెలలోపల అమ్ముడుపోయెను.

కావున మొదట చూడవలసినది సున్నము కాదు, కాగితములు. మీ విక్రయపత్రము, అంతకుముందరి లింకు దస్తావేజులు, ఇంటి ప్లాను, పన్ను రసీదులు ఒక్కచోట చేర్పుడు. జనులు ఇ.సి. యని పిలుచు ఋణభార ధ్రువపత్రము తీయింపుడు. కొనువారి వకీళ్లు సాధారణముగ 30 ఏండ్ల ఇ.సి. అడుగుదురు. అయితే అది రిజిస్టరయిన వ్యవహారములనే చూపును గాని, వారసుల హక్కులను చూపదు. పాత బ్యాంకు అప్పు తీరిపోయినచో తాకట్టు విడుదల కాగితము కూడ ఉండవలెను. నేడు పలువురు ఋణముతో కొనుచున్నారు; కొనువాడు మెచ్చినను బ్యాంకు వకీలు మెచ్చనిచో బేరము కుదురదు.

రెండవది ధర. మనము ఇంటికి కట్టు వెలలో మన జ్ఞాపకములును చేరియుండును. ఆ గోడ చాటున బిడ్డలు పెరిగినారని కొనువాడు అదనముగ ఇయ్యడు. అతడు స్థలమును గజముల లెక్కను కొనును. పాత కట్టడమునకు ఏటేట విలువ తరుగును. మీ వీథిలో ఎవరెంత అడుగుచున్నారో కాదు, ఎవరికి ఎంత ముట్టినదో విచారింపుడు. దళారి మాటను మాత్రమే నమ్మరాదు. ఒక లెక్క చూడుడు. నిజముగ 45 లక్షలు పలుకు యింటికి 50 లక్షలు కోరి కూర్చుండితి రనుకొందము. ఆ 45 లక్షలు నూటికి 7 వంతున వడ్డీకి వేసిన ఏటికి 3,15,000 రూపాయలు వచ్చును. ఇల్లు ఖాళీగ రెండేండ్లుండిన 6,30,000 పోయినట్లే. పట్టుపట్టినది 5 లక్షలకు. పోగొట్టుకొనినది అంతకు మించినది. ఈలోపల ధర పెరుగవచ్చు నందురా? పెరుగవచ్చును, కాని పెరుగునను ఆశను పెరిగిన ధనముగ లెక్కింపరాదు.

మూడవది ఇంటి స్థితి. కారు కప్పు, మూసికొనిపోయిన తూము, వెలుగని దీపము ముందు బాగుచేయింపుడు. వీనికి వ్యయము స్వల్పము. గదులలోని పాతసామాను తీసివేసి, కిటికీలు తెరచి, పగటివేళ చూపుడు. వాస్తు మాట తప్పక వచ్చును. ఒక సిద్ధాంతి మెట్లు మార్చుమనును, వేరొకరు ద్వారము మూయుమనును. వచ్చిన ప్రతివాని కొరకు గోడలు పగులగొట్టించుట వృథావ్యయము. వీథిపోటున్నచో ఉన్నదని చెప్పి, ధరలో సర్దుకొనుటయే మేలు. లోపమును దాచుట ఎన్నటికిని తగదు. పైకి కనబడని ముఖ్యలోపము అమ్మువానికి తెలిసియున్నచో కొనువానికి చెప్పవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము విధించుచున్నది.

కడపటిది తొందరపాటు. విసిగినవాడు దొరికిన మొదటివానికి జి.పి.ఏ. వ్రాసి తాళము చేతులు చేతికిచ్చుట కలదు. అట్టి కాగితములవలన స్వామ్యము మారదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పినది. ఇల్లు లెక్కకు మీ పేరనే యుండును. పన్నులు, తగాదాలు మీ గుమ్మమునకే వచ్చును. బయానా ఎంత, మిగిలిన సొమ్ము ఏ గడువున రావలెను, గడువు తప్పిన బయానా ఏమగును—ఇవి వ్రాతమూలకముగ నుండవలెను. పూర్తి సొమ్ము ముట్టి, రిజిస్ట్రారు ఎదుట విక్రయపత్రము రిజిస్టరయిన పిమ్మటనే ఇల్లు స్వాధీనపరుపుడు.

శ్రోతలారా, ఇల్లు అమ్ముట అవమానము కాదు. అమ్ముడుపోనంతమాత్రమున ఇల్లు చెడ్డదియు కాదు. కాగితమో, ధరయో, మనవారితో ఆడవలసిన మాటయో ఎక్కడనో నిలిచిపోయి యుండును. వెల్లకుంచె పట్టుటకు ముందు దానిని వెదకుడు.