రోబో డ్రైవర్ కళ్లముందు ఏముండాలి?

రోబో లోపల జరుగుతున్నదాన్ని డ్రైవర్ ముందున్న లాప్‌టాప్‌లో చూపించే సాఫ్ట్‌వేరే డ్యాష్‌బోర్డు. అమెరికాలో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో హైస్కూలు విద్యార్థుల జట్లు దీన్ని తమ రోబోకు తగ్గట్టు తామే మలచుకుంటాయి. ఒక్కో మ్యాచ్ సుమారు రెండున్నర నిమిషాలు. మొదటి కొన్ని సెకన్లు రోబో తనంతట తానే నడుస్తుంది. ఆ తర్వాత జాయ్‌స్టిక్ డ్రైవర్ చేతికొస్తుంది.

రోబోకు మెదడు రోబోరియో అనే కంట్రోలర్. అందులోని ప్రోగ్రామ్ మామూలుగా సెకనుకు 50 సార్లు సెన్సర్లను చదువుతుంది. చదివిన ప్రతి విలువకూ ఒక పేరు తగిలించి, నెట్‌వర్క్‌టేబుల్స్ అనే వ్యవస్థ ద్వారా వైర్‌లెస్‌లో లాప్‌టాప్‌కు పంపుతుంది. డ్యాష్‌బోర్డు ఆ పేరుతోనే విలువను వెతుక్కుంటుంది. ప్రోగ్రామ్‌లో పేరు మార్చి తెరమీద మార్చకపోతే ఆ విలువను చూపే గడికి కొత్త విలువ అందదు.

ఇదివరకు స్మార్ట్‌డ్యాష్‌బోర్డ్, షఫుల్‌బోర్డ్ అనే డ్యాష్‌బోర్డులు ఎక్కువగా వాడేవారు. 2025 నుంచి పోటీ సాఫ్ట్‌వేర్‌తోపాటే ఎలాస్టిక్ అనే డ్యాష్‌బోర్డు కూడా వస్తోంది. జాబితాలోంచి కావలసిన విలువను మౌస్‌తో లాగి తెరమీద పెట్టి, అంకెగానో గ్రాఫ్‌గానో రంగు గడిగానో చూపించమంటే చాలు.

అసలు చిక్కు ఏది పెట్టాలన్నదే. మ్యాచ్‌లో డ్రైవర్ చూపు మైదానంలోని రోబో మీద ఉంటుంది, తెరవైపు తిరిగేది రెప్పపాటే. అంత వ్యవధిలో అంకెలు చదవడం కుదరదు. రోబో వస్తువును పట్టుకుందా లేదా అన్నది సెన్సర్ విలువగా కాక, పట్టుకుంటే ఆకుపచ్చ, లేకుంటే ఎరుపు చూపే పెద్ద గడిగా పెట్టాలి. పక్కన మిగిలిన సమయం ఉంటే మేలు. కెమెరా దృశ్యం కావాలంటే నాణ్యత తగ్గించుకోక తప్పదు, ఎందుకంటే మైదానంలో ఒక్కో జట్టుకు దొరికే బ్యాండ్‌విడ్త్ పరిమితం.

బ్యాటరీ సంగతి వేరు. దాని వోల్టేజి 12. మోటార్లన్నీ ఒక్కసారిగా కరెంటు లాగితే అది అమాంతం పడిపోతుంది. మొదటి తరం రోబోరియోలో 6.3 వోల్టుల కంటే తగ్గితే మోటార్లకు ఆదేశాలు ఆగిపోతాయి, రోబో కుంటుతుంది. ఏ క్షణంలో పడిందో తెలియాలంటే గ్రాఫే గతి. అది మరమ్మతులు చూసే విద్యార్థులకు పనికొస్తుంది, డ్రైవర్‌కు కాదు.

అందుకే తెరను ట్యాబులుగా విడదీయడం మంచిది. మొదటిది మ్యాచ్‌కు ముందు చూసుకునేది: రోబో తనంతట తాను నడిచే దశలో ఏ ప్రోగ్రామ్ నడపాలో ఎంచుకునే మెనూ, బ్యాటరీ వోల్టేజి, ఆ మ్యాచ్‌లో జట్టుకిచ్చిన రంగు ఇందులో ఉంటాయి. రెండోది ఆటకు, మూడోది మరమ్మతులకు. ఈ అమరికను ఫైలుగా దాచుకుంటే లాప్‌టాప్ మొరాయించినా ఇంకోదానిలో వెంటనే తెరవొచ్చు. ఆట ట్యాబులో కొత్త గడి చేర్చేముందు, దాన్ని చూసి డ్రైవర్ ఏం చేస్తాడో అడగాలి. జవాబు లేకపోతే దాని చోటు మరమ్మతుల ట్యాబే.