పిల్లలు, సెల్‌ఫోను, ఒక ఛాయాచిత్రము

జనవరి 26వ తేదీన ఒక బాలిక పాఠశాల దుస్తులు ధరించి, జెండా కర్ర ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొన్నదనుకొందము. తండ్రి మురిసిపోయి దానిని బంధువులకు పంపును. బడివారు తమ ఫేస్‌బుక్ పుటలో పెట్టుదురు. ఇందులో తప్పేమున్నది? చూచువారు ఆప్తులైనంతవరకు ఏమియు లేదు. కాని ఆ బాలికను ఎన్నడును ఎరుగనివాడు ఈ ఒక్క చిత్రమునుండి ఎన్ని సంగతులు గ్రహింపగలడో చూడవలెను. జేబుపై కుట్టిన గుర్తు బడి పేరు చెప్పును. వెనుకనున్న బోర్డు ఊరి పేరు చెప్పును. చిత్రము క్రింద అభినందనలు వ్రాసినవారు ఆమె ముద్దుపేరును, స్నేహితురాండ్ర పేర్లను, చదువుచున్న తరగతిని తామే చెప్పివేయుదురు.

కంటికి కనిపించని సంగతి మరియొకటి గలదు. స్థానమును వాడుకొను అనుమతి కెమెరాకు ఇచ్చియున్నచో, ఫొటో తీసిన క్షణమున ఆ చోటి అక్షాంశ రేఖాంశములు, తేదీ, గంట, నిమిషము చిత్రపు ఫైలులోనే నమోదగును. ఆరుబయట తీసిన చిత్రమైనచో కొద్ది మీటర్ల తేడాతో ఆ చోటును గుర్తింపవచ్చును. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినపుడు ఈ నమోదు తొలగిపోవును. డాక్యుమెంటుగా గాని, ఈమెయిలులో గాని అసలు ఫైలునే పంపినచో అదియు వెంట వెళ్లును. కెమెరాకు ఆ అనుమతి తీసివేసినచో ఈ బెడద ఉండదు.

ఇట్టి సంగతులే అపరిచితునికి పెట్టుబడి. ఏదో ఆటలోనో, ఇన్‌స్టాగ్రాములోనో అతడు ఆ బాలికను పలకరించి, "నేనూ మీ బడిలోనే చదివాను" అనును. ఖాతాపై పెట్టిన ముఖము మరెవరిదో కావచ్చును. కొన్నాళ్లు పొగడ్తలు, ఓదార్పులు నడచును. తరువాత సంభాషణ నలుగురున్న చోటునుండి ఏకాంతమునకు మారును. "మన మాటలు ఇంట్లో చెప్పకు" అన్న మాట ఏదో ఒకనాడు వచ్చును. చెప్పినవాడు పెద్దవాడైనను, ఈడువాడైనను, ఆ మాటయే అపాయమునకు గుర్తు. తరగతిలో ఇది ఒక్కటి నేర్పినను చాల మేలు. పిమ్మట నలుగురికి చూపరాని చిత్రము నొకదానిని అడిగి తీసికొని, అది చేతికి చిక్కగానే బెదిరింపు మొదలిడును. డబ్బు పంపవలెను, లేదా ఇంకొక చిత్రము పంపవలెను. లేనిచో మొదటిది తండ్రికి, తరగతివారికి చేరును. ఇది ఆడపిల్లలకే పరిమితమని తలచుట పొరపాటు. డబ్బు కొరకు బెదిరింపబడువారిలో మగపిల్లలు అనేకులు. పైగా నేడు పిల్లలు ఏ చిత్రమును పంపనక్కరలేదు. జెండా దగ్గర నవ్వుచున్న ముఖమును కృత్రిమ మేధ సాయముతో మరొక దేహమునకు అతికింపవచ్చును.

"ఏదైనా జరిగిందో, ఫోను లాక్కుంటాను" అను హెచ్చరిక చాల ఇండ్లలో వినబడును. జాగ్రత్తగా ఉండుమని తల్లిదండ్రుల ఉద్దేశము. పిల్లలకు అర్థమగునది మాత్రము, చెప్పవద్దని. కొన్ని ఇండ్లలో ఇట్టి సంగతి బయటపడినచో ఆడపిల్ల చదువే మాన్పించుదురు. ఆ సంగతి పిల్లకు తెలియును, బెదిరించువానికిని తెలియును. వాని బలమంతయు ఆ భయములోనే ఉన్నది. ఫోనులకు వేయు తాళములు, సమయపు హద్దులు చిన్నపిల్లలకు వలసినవే గాని, పదమూడేండ్ల పిల్లవాడు స్నేహితుని ఫోను తీసికొని వాటిని దాటగలడు. చెప్పుకొన్నందుకు కొట్టరని, బడి మాన్పించరని పిల్లలకు ముందుగానే తెలిసియుండవలెను.

చెప్పిననాడు చేయవలసినవి కొన్ని గలవు. డబ్బు పంపరాదు, పంపినకొలది అడుగుట పెరుగును. కోపములో సంభాషణను చెరిపివేయరాదు, అదియే సాక్ష్యము. బెదిరింపు మాటలకు, ఖాతా పేరుకు, డబ్బు అడిగిన నంబరుకు స్క్రీన్‌షాట్లు తీసికొని, ఆ తరువాత ఖాతాను బ్లాకు చేయవలెను. ఆ చిత్రమును మాత్రము సలహా పేరిట ఎవరికిని పంపరాదు. బాలల సహాయమునకు 1098, డబ్బు పోయినచో 1930 నంబర్లు ఉన్నవి. కేంద్ర హోంశాఖవారి సైబర్ నేరముల పోర్టలులో పిల్లలపై జరుగు ఇట్టి నేరములను గూర్చి పేరు చెప్పకయే ఫిర్యాదు చేయవచ్చును.

బడి పరువు పోవునని సంగతిని కప్పిపుచ్చుటకు ప్రధానోపాధ్యాయునికి చట్టము తావీయలేదు. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012 నాటి చట్టములోని 19వ సెక్షను ప్రకారము, నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. తెలుపకుండుట 21వ సెక్షను క్రింద శిక్షార్హము. ప్రత్యేక న్యాయస్థానము అనుమతించిననే తప్ప, బాధితుల పేరుగాని, బడి పేరుగాని పత్రికలు ప్రకటింపరాదని 23వ సెక్షను చెప్పుచున్నది. ఈ చివరి సంగతి తెలిసిన తల్లిదండ్రులు కొంత ధైర్యముతో ముందుకు వత్తురు.

బయటికి పోయిన చిత్రము మాటేమి? దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయము ముచ్చటైనది. కంప్యూటరునకు ప్రతి చిత్రమును అంకెల వరుసయే. ఆ అంకెలను ఒక నిర్ణీత గణితముతో కుదించినచో చిన్న సంఖ్యావళి వచ్చును. దీనిని చిత్రపు వేలిముద్ర యనవచ్చును. మామూలు పద్ధతిలో ఒక్క చుక్క మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థ, డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హానీ ఫరీద్ కలిసి రూపొందించిన 'ఫొటో డి.ఎన్.ఏ.' పద్ధతి వేరు. అది రంగులు తీసివేసి, చిత్రమును చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోను వెలుగునీడలు ఎట్లు మారుచున్నవో కొలుచును. అందుచేత చిత్రమును కొంచెము కుదించినను, రంగు మార్చినను ముద్ర దాదాపు అదే వచ్చును. ముద్రనుండి అసలు చిత్రమును ఉన్నదున్నట్లుగా తిరిగి గీయుటకు వీలుండదు.

తప్పిపోయిన, పీడనకు గురియైన బాలలకొరకు అమెరికాలో పనిచేయుచున్న జాతీయ కేంద్రము 2023 ఫిబ్రవరిలో 'టేక్ ఇట్ డౌన్' అను ఉచిత సేవను ఆరంభించినది. పదునెనిమిదేండ్లు నిండకముందు తీసిన చిత్రములకు ఏ దేశమువారైనను పేరు చెప్పకయే దీనిని వాడుకొనవచ్చును. చిత్రము ఫోను దాటి పోదు. ముద్ర మాత్రమే పోయి, ఒప్పుకొన్న సంస్థలకు చేరును. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాము వంటివి ఆ ముద్రతో సరిపోలు చిత్రమును కనిపెట్టి తొలగింపగలవు. బెదిరించువాని ఫోనులోనున్న ప్రతిని గాని, ఇద్దరికే తెలియునట్లు గుప్తముగా నడచు సంభాషణలోని ప్రతిని గాని ఇది అందుకొనజాలదు. ముద్ర తీయుటకు ఆ చిత్రము పిల్లల ఫోనులో మిగిలియుండవలెను. భయపడి దానిని ముందే చెరిపివేసిన పిల్లలకు ఈ సాధనము పనికిరాదు.