వగరే దాని ఆయువు

నల్లమల అంచున గిద్దలూరు, మార్కాపురం వైపు పెరిగినవాళ్లకు కరక్కాయ వగరు కొత్త కాదు. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే చాలు, నోరు పిడచగట్టుకుపోతుంది. అందులోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్దకట్టిస్తాయి, నాలుక మీద జారుడు పోతుంది. తోళ్లు ఊనే లందలో కరక్కాయ వేసేదీ ఈ గుణం కోసమే. ద్రాక్షలోని టానిన్లు వేరే రకానివి, గుణం మాత్రం ఇదే. మేలురకం షిరాజ్ రెడ్ వైన్ దశాబ్దాలు నిలిచేది చాలావరకు వాటి బలంతోనే.

షిరాజ్ నల్లద్రాక్ష. రసాన్ని తొక్కలూ గింజలతో కలిపే పులియబెడతారు కాబట్టి వాటిలోని టానిన్లు, రంగు వైన్‌లోకి దిగుతాయి. దాని మిరియాల ఘాటు కల్పన కాదు. మిరియాల్లో ఉండే రొటండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు.

కొత్త వైన్ ఊదారంగులో, నోటికి మొరటుగా ఉంటుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు అణువులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కొన్ని బరువెక్కి మడ్డిగా అడుగున దిగుతాయి. రంగు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, వగరు మెత్తబడుతుంది. బిరడా గుండా చొరబడే కొద్దిపాటి ఆక్సిజన్‌ను టానిన్లే ముందుగా అందుకుంటాయి. పులుపు సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది.

ఈ ఓపిక విలువ ఆస్ట్రేలియా వైన్ తయారీదారు మాక్స్ షుబర్ట్‌కు తెలుసు. పెన్‌ఫోల్డ్స్ సంస్థలో ఆయన 1951లో షిరాజ్‌తో ప్రయోగంగా చేసిన 'గ్రాంజ్' వైన్‌ను తొలుత రుచి చూసినవాళ్లు ఈసడించారు. 1957లో యాజమాన్యం ఆపేయమంది. ఆయన గుట్టుగా చేస్తూనే వచ్చారు. పాత సీసాలు పదునుకు వచ్చాక మళ్లీ రుచి చూసి, 1960లో యాజమాన్యమే తిరిగి అనుమతిచ్చింది. నాకు ఈ రసాయనశాస్త్రం మొత్తంలో ఇంతకన్నా నచ్చిన రుజువు లేదు.

మనకు దగ్గర్లో, బెంగళూరు పక్క నంది కొండల దగ్గర, గ్రోవర్ సంస్థ కాబర్నే సావిన్యో ద్రాక్షతో షిరాజ్ కలిపి 'లా రిజర్వ్' వైన్ చేస్తుంది. దక్కన్‌లో ద్రాక్ష పండేసరికి ఎండ ముదురుతుంటుంది. వెచ్చని రాత్రుల్లో కాయలోని మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే ఇక్కడి షిరాజ్‌లో ఎక్కువభాగం కొద్ది ఏళ్లలోనే తాగాల్సినది.

నిల్వకు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. మార్కాపురం వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి చర్యలన్నీ ఒక్కసారిగా వేగం అందుకుని పండు వాసన ఉడికిన వాసనగా మారుతుంది, ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, సందులోంచి గాలి దూరుతుంది. అప్పుడిక ఎంత వగరున్నా ఆ సీసాను నిలబెట్టలేదు.